ఆవిడ సంపాదించిన అరచుట్టు

ఈమధ్య ఏలూరు లైబ్రరీలో ఇద్దరు కుర్రాళ్ళు గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. లైబ్రరీ కాబట్టి గుసగుస, బయటైతే చొక్కాలు పట్టుకునేవారే. బల్ల మీద ఫోనులో ఏదో విదేశీ కార్ల పందెం నడుస్తోంది. "మొదట్నుంచీ ముందున్నవాడికి అన్యాయం చేశార్రా, సేఫ్టీ కారు రాకపోతే వాడిదే గెలుపు" అంటాడు ఒకడు. "అది రాకపోతే పందెం చూస్తూ నిద్రపోయేవాళ్ళం" అంటాడు రెండోవాడు. నేను చదువుతున్న పేపరు కిందికి దించి, "బాబూ, సేఫ్టీ కారు నేను నడిపాను" అన్నాను. ఇద్దరూ నా తల నుంచి చెప్పుల దాకా చూశారు.

"ఎక్కడండీ తాతగారూ?"

"కైకలూరు అవతల. చేపల చెరువులో."

అంతే, నవ్వాపుకోలేక బయటికి పరుగెత్తారు. కథ పూర్తిగా వినకుండా వెళ్ళిన ఆ ఇద్దరి కోసం, వాళ్ళ ఈడు పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

నేను అగ్నిమాపక శాఖలో ఫైరింజన్ డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాను. పదో తరగతితో చదువు ఆగింది. ఆగింది బడి చదువే. తాడేపల్లిగూడెంలో పనిచేసినన్నాళ్ళూ డ్యూటీ లేని పూటల్లా లైబ్రరీలోనే గడిపాను. అక్కడికి ఎవరో మహానుభావుడు మోటారు పందేల ఇంగ్లీషు పత్రికలు కట్టలకొద్దీ ఇచ్చి వెళ్ళాడు. వాటి మొహం చూసేవాడు నేనొక్కణ్ణే. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేరా లాక్కుంటూ చదివేవాణ్ణి. కొన్ని మాటలు నిఘంటువులో దొరికేవి కావు. మలుపులో స్టీరింగు తిప్పినా బండి తిన్నగా పోవాలని చూస్తుందే, దానికి వాళ్ళ దగ్గర ఒక పేరుంది. ఆ మాటకి అర్థం చివరికి మా ఫైరింజన్ని నిండు ట్యాంకుతో మలుపు తిప్పినప్పుడు తెలిసింది. ఇలా నేర్చుకున్నది మరిచిపోవడం కష్టం.

ఉద్యోగం చివరి ఏళ్ళలో నన్ను కొల్లేటి అంచున ఒక చిన్న స్టేషనుకి వేశారు. చుట్టూ చేపల చెరువులు. మంటలార్పే శాఖ అన్న పేరేగాని, చేపల సీజన్లో మాది నీళ్ళలోంచి ఆటోలు తీసే శాఖ. ఎందుకో చెప్పాలి.

చెరువులో చేపలు పట్టే రోజున పని తెల్లవారకముందే మొదలవుతుంది. లారీలు గట్ల మీదికి రాలేవు కాబట్టి, వల దగ్గర నుంచి కాటా షెడ్డు దాకా చేపల్ని ట్రాలీ ఆటోలు మోస్తాయి. ముందు వచ్చిన ఆటోకి ముందు లోడు. దానికే తాజా చేప, దానికే గట్టి ఐసు. పొద్దెక్కకముందే పని అయిపోతుంది. ఆ తర్వాత బండి రోజంతా మేత బస్తాల కిరాయికి ఖాళీ. చివరి లోడు దొరికినవాడు మధ్యాహ్నం దాకా ఎండలో పడిగాపులు కాయాలి, మెత్తబడ్డ చేప తెచ్చావని కాటా దగ్గర మాటలు పడాలి. అందుకని మొదటి లోడు కోసం మసకచీకట్లో ఆటోలన్నీ ఒకే బండి పట్టే గట్టు మీద పరుగులు తీసేవి. ఎవరో ఒకరు చెరువులో పడేవారు. మాకు ఫోను వచ్చేది.

విసిగిపోయిన మా ఆఫీసరు గారు ఒకరోజు చేపల రైతుల సంఘం ప్రెసిడెంటు గారిని పిలిపించారు. ఆయన మేత దుకాణం యజమాని. కోపం వచ్చినా 'అండీ' వదలని మనిషి.

"ఇంకొక్క ఆటో నీళ్ళలో పడితే నేను కేసు రాయిస్తానండీ" అన్నారు మా ఆఫీసరు.

"రాయించండి. కానీ మనుషులు పరిగెత్తడం మానరండీ. పరుగేదో నీళ్ళు లేనిచోట పెడదాం" అన్నారు ప్రెసిడెంటు.

అలా పుట్టింది మా పందెం. ఎండాకాలంలో చేపలు పట్టేశాక చెరువు నీళ్ళు తీసి అడుగు ఎండగడతారు. నేల నెర్రెలిచ్చి, ఫైరింజన్ నిలబడ్డా దిగనంత గట్టిపడుతుంది. అలాంటి పెద్ద చెరువొకటి చూసి, వెదురుకర్రలు పాతి, పాత వలలు కట్టి, గుండ్రంగా దారి చేశారు. అందులో ట్రాలీ ఆటోల పందెం. గెలిచినవారికి ఏడాదంతా ఏ చెరువు పట్టినా మొదటి లోడు. మిగతావాళ్ళు ఏ రోజుకారోజు చీటీలు వేసుకోవాలి. గట్టు మీద పరుగులు ఆ రోజు నుంచి ఆగిపోయాయి. మమ్మల్ని మాత్రం పందెం రోజున ఫైరింజన్‌తో సహా కాపలాకి రమ్మన్నారు.

మొదటి ఏడాది రూలు ఒక్కటే. ఎవరి బండైనా బోల్తా పడితే పందెం ఆపి మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి. చూడ్డానికి ఎంత ధర్మంగా ఉందో! వెనకబడ్డవాడు ఊరుకుంటాడా? తనకి గెలుపు లేదని తెలియగానే మెత్తటి చోటు చూసుకుని, బిడ్డని పక్కమీద పడుకోబెట్టినంత సుతారంగా బండిని ఒరగబెట్టేవాడు. పందెం మళ్ళీ మొదలు. పొద్దున మొదలైంది సాయంత్రానికి గాని తేలలేదు. మరుసటి ఏడాది దానికి విరుద్ధంగా, ఎవడు పడ్డా పందెం ఆగదన్నారు. పడ్డవాణ్ణి లేపడానికి వెళ్ళిన మా ఫైర్‌మన్‌కి ఒక ఆటో అద్దం తగిలి మోచెయ్యి వాచింది. త్రుటిలో తప్పింది గానీ ప్రాణం పోయేదే.

అప్పుడు నేను నోరు విప్పాను. సంఘం ఆఫీసులో టీ గ్లాసులు వరసగా పెట్టి చెప్పాను. ఇది ముందున్న బండి. దీని వెనక చాలా ఎడంలో ఇది రెండోది. ఇదిగో, ఈ గ్లాసు బోల్తా పడింది. వెంటనే సేఫ్టీ కారులా ఒక జీపు వచ్చి మొదటి బండికి ముందు నిలుస్తుంది. అందరూ వేగం తగ్గించి, జీపు వెనక వరసలో, ఒకరినొకరు దాటకుండా రావాలి. పడ్డవాణ్ణి తీశాక జీపు పక్కకి తప్పుకుంటుంది. మళ్ళీ పందెం.

"బావుందండీ. మరి ఈ రెండు గ్లాసుల మధ్య ఇందాక ఉన్న ఎడం?" అన్నారు ప్రెసిడెంటు.

"పోతుందండీ."

"ఎక్కడికి?"

"పోతుందంతేనండీ. దాని గురించి పెద్ద పెద్ద పందేల్లోనూ గొడవే. ముందున్నవాడు సంపాదించిందంతా ఒక్క క్షణంలో పోతుంది. వెనకవాడికి ఊరికే కలిసొస్తుంది. సరిగ్గా ఆ సమయంలో టైర్లు మార్చుకోవడానికి ఆగినవాడికైతే ఇంకా అదృష్టం. కానీ మనిషి బతుకుతాడు, పందెమూ నడుస్తుంది."

"జనానికి?"

"జనానికి పండగేనండీ."

ఆయన వ్యాపారస్తుడు. ఆ చివరి మాటతో ఒప్పుకున్నారు. జీపు నడిపే పని కూడా నా మీదే పెట్టారు. నాకు ఇంగ్లీషు పత్రికలు తెలిసినందుకు కాదు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ నాకు చుట్టాలు లేనందుకు. దానికి మా ఆఫీసరు గారు 'కాపలా విధుల్లో భాగం' అని ఒప్పుకున్నారు.

రూల్లో ఇంకో ముక్క చేర్పించాను. బండి బోల్తా పడితే మా సిబ్బంది తప్ప ఇంకెవరూ అక్కడికి వెళ్ళకూడదు, పందెంలో ఉన్న డ్రైవరు బండి దిగితే పందెంలో లేనట్టే. అందరూ తలలూపారు.

ఆ తర్వాతి ఏడాది సంఘం వారి పాత జీపుకి పసుపు జెండా కట్టి నడిపాను. జనం దానికి 'మాస్టారి జీపు' అని పేరు పెట్టారు. పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు ఆటోల్ని నిలబెడుతుందని. కైకలూరు వైపు కుర్రాడొకడు అందరికన్నా ముందున్నాడు. మధ్యలో నా జీపు వచ్చి అతని ఎడమంతా చెరిపేసింది. చివరికి అతనే గెలిచాడనుకోండి. అయినా నా మీద కోపం పోలేదు.

"మాస్టారూ, పొద్దున్నుంచీ నేను కూడబెట్టుకున్నది మీ జీపు ఒక్క గుటకలో మింగేసిందండీ!"

"గెలిచావు కదయ్యా."

"గెలిచాను కాబట్టి నవ్వుతూ అడుగుతున్నానండీ. ఓడితే ఇలా అడగను."

జనం మాత్రం ఊగిపోయారు. వెనకబడ్డవాళ్ళందరూ మళ్ళీ ఒక్కచోట చేరి ఒక్కసారి దూకడం వాళ్ళెప్పుడూ చూడలేదు. సోడాబండి వాడు నా దగ్గరికొచ్చి ఒక సోడా ఊరికే ఇచ్చాడు.

అసలు సంగతి మరుసటి ఏడాది జరిగింది.

పందెంలో మండవల్లి వైపు నుంచి ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి. భర్తకి బండి తోలడమంటే భయం, ఆవిడకి భయమంటే ఏమిటో తెలియదు. ఆయన వెనకాల ట్రేలు పట్టుకుని కూర్చునేవాడు. చీటీల్లో ఆవిడంత దురదృష్టం ఎవరికీ లేదు. ఎన్నిసార్లు తీసినా అడుగు చీటీయే. 'చివరి లోడు అక్క' అని ఆటోవాళ్ళు పిలిచేవారు. ఆవిడా నవ్వేది. ఎండలో నిలబడి నిలబడి మొహం నల్లబడిందని ఒకసారి మా స్టేషన్ కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ అంది. "ఒక్క ఏడాది మొదటి లోడు దొరికితే చాలండీ. పొద్దున చేపలు, పగలు మేత. ఒక్క బండితో రెండు పనులు. ఇప్పుడు ఒక్క పనికే రోజు చాలట్లేదు."

ఆ ఏడాది ఆవిడ బండి నడిపిన తీరు నేను చదివిన పత్రికల్లో ఉండాల్సింది. మలుపుకి ముందే వేగం తగ్గించుకుని, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడు విడిచిపెట్టేది. మిగతావాళ్ళు మలుపులో జారుతూ దుమ్ము లేపుతూ హడావిడి చేశారు. చుట్టు చుట్టుకీ ఆవిడకీ వాళ్ళకీ మధ్య ఎడం పెరిగింది. కైకలూరు కుర్రాడు రెండో స్థానంలో ఉన్నాడు. ఇంకో నాలుగైదు చుట్లు మిగిలి ఉండగా ఆవిడ అతనికన్నా అరచుట్టు ముందుంది. ఆవిడ భర్త గట్టు మీద నిలబడలేక, కూర్చోలేక, వల పట్టుకుని వేలాడుతున్నాడు.

అప్పుడు తూము దగ్గర మలుపులో ఒక ఆటో తిరగబడింది. అది అందరూ బాబాయి అని పిలిచే ముసలాయన బండి. ఆయన గెలవడానికి కాదు, సరదాకి వచ్చేవాడు. ఏటా ఆఖర్నే ఉండేవాడు. పక్క చెరువులోంచి ఊట దిగి అక్కడ అడుగు మెత్తబడిందని ఎవరూ గమనించలేదు. మా వాళ్ళేమో క్రితం ఏడాది ప్రమాదం జరిగిన మూలలో, చెరువుకి ఆ చివర నిలబడి ఉన్నారు.

పక్కన ప్రెసిడెంటు గారు జెండా పట్టుకుని ఉండగా నేను జీపు తీశాను. మొదటి బండికి ముందు వెళ్ళి నిలవాలి. కానీ మొదటి బండి లేదు. ఆవిడ బాబాయికి సరిగ్గా వెనకే వస్తోందట. బండి అక్కడే వదిలేసి దూకేసింది.

దానికి నేను ఆశ్చర్యపోనక్కర్లేదు. గట్ల మీద బతికే మనుషులకి ఒక అలవాటుంది. ఎవరి బండి చెరువులోకి జారినా వెనక వచ్చే ప్రతివాడూ ఆగాలి, దిగాలి, లాగాలి. శత్రువైనా సరే. ముందు లాగి, తర్వాత తిట్టుకుంటారు. ఇంగ్లీషు పత్రికల్లోంచి రూలు తెచ్చిన నాకు, ఆ రూలు రాయించుకున్న వాళ్ళకి, తలలూపిన ఆటోవాళ్ళకి, ఒక్కరికీ ఈ సంగతి అప్పుడు తట్టలేదు.

నేను రెండోవాడి ముందుకి చేరాను. మిగతావాళ్ళు వరసలో పడ్డారు. మెల్లగా తూము దగ్గరికి వచ్చేసరికి బాబాయి మొహం బురద వైపు ఉంది, బండి పైన ఉంది, ఆవిడ ఆ బండి అంచు కింద భుజం పెట్టి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. వలలు దాటి ఇద్దరు ముగ్గురు దూకి ఆవిడ పక్కన చేరుతున్నారు. చెరువుకి అడ్డంగా మా వాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. అందరికన్నా ముందు మా లీడింగ్ ఫైర్‌మన్. ఆ రోజు ఆదివారం. ప్రార్థన అవగానే ఇస్త్రీ తెల్లచొక్కా మీదే వచ్చాడు పాపం. అలాగే బురదలో మోకరిల్లాడు.

నేను ఆగకుండా ఇంకో చుట్టు తిరిగొచ్చాను. బాబాయిని బయటికి తీశారు. దెబ్బలేమీ లేవు. కూర్చుని గట్టిగా అరుస్తున్నాడు, "నా పళ్ళసెట్టు చూడండ్రా, బురదలో ఉంటుంది, తొక్కకండి!"

అందరూ నవ్వారు. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు.

"డ్రైవరు గారూ, ఆవిడ దిగింది కదండీ."

"దిగిందండీ."

"దిగితే పోయినట్టు కదండీ. మీరే చేర్పించారు కదండీ."

"అవునండీ."

"అయితే జెండా దించమంటారా?"

జెండా దించితే జీపు తప్పుకోవాలి. తప్పుకుంటే పందెం మొదలవుతుంది. ఆవిడ బండి ఇరుసు దాకా బురదలో దిగిపోయి ఉంది. తనూ భర్తా ఇద్దరే తోస్తున్నారు. తోసిన ప్రతిసారీ ఆయన బోర్లా పడుతున్నాడు. ఏడాది పొడుగునా ఎండలో చివరి లోడు కోసం నిలబడ్డ మనిషి, ఒక ప్రాణం కాపాడినందుకు మళ్ళీ అక్కడికే పోతోంది.

"ఇంకో చుట్టు తిరుగుదామండీ" అన్నాను.

తిరిగాం. గట్టు మీద ఈలలు మొదలయ్యాయి. వెనక హారన్లు. కైకలూరు కుర్రాడు వరస తప్పి నా పక్కకి వచ్చాడు.

"ఏవండీ మాస్టారూ, ఊరేగింపైతే మేళాన్ని కూడా పిలిపించకపోయారా!"

"వెనక్కి వెళ్ళు. దాటితే నువ్వూ పోతావు" అన్నాను.

ఫైరింజన్ డ్రైవరుగా నా ఉద్యోగమంతా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మనం చేరేసరికి ఎవరు ఏం చేస్తూ కనబడతారో చూడు, వాళ్ళకి దారి వదులు. ఎన్నిసార్లు చూశాను, మేం వెళ్ళేలోపు ఇరుగుపొరుగు బిందెలతో సగం మంట ఆర్పి ఉండేవారు. వాళ్ళనెప్పుడూ 'మీరెందుకు వచ్చారు' అనలేదు. ఇక్కడెందుకు అంటున్నాను?

తూము దగ్గర జీపు ఆపేశాను. వెనక వరసంతా ఆగింది. నేను దిగాను.

"ఇంజన్లు ఆపండి. అందరూ దిగండి. ఆవిడ బండి లాగండి."

ఒకడు స్టీరింగు వదల్లేదు. "దిగితే పోతాం కదండీ?"

"నేను దిగాను కదయ్యా. పోతే నేనూ పోయాను. దిగు."

అందరికన్నా ముందు బురదలోకి దూకింది కైకలూరు కుర్రాడే. "అక్కా, నువ్వు స్టీరింగు పట్టుకో. ఒరేయ్, ముందు బావని పక్కకి లాగండ్రా, బండి తర్వాత!"

తాడు వేసి, పది చేతులు పట్టుకుంటే ఎంతసేపు? బండి చప్పుడు చేస్తూ పైకి వచ్చింది. ప్రెసిడెంటు గారు మైకులో, "ప్రాణం కాపాడ్డానికి దిగినవారి స్థానం వారిదేనండీ, సంఘం నిర్ణయించిందండీ" అని ప్రకటించారు. సంఘం అంటే ఆ క్షణానికి ఆయనా నేనూ. ఆవిడ బండిని జీపు వెనక మొదటి స్థానంలో నిలబెట్టాను. రెండో స్థానంలో కుర్రాడు. అతని బండి ముక్కుకీ ఆవిడ వెనకచక్రానికీ మధ్య మూరెడు దూరం.

అరచుట్టు పోయి మూరెడు మిగిలింది.

మిగిలిన ఆ మూడు చుట్లలాంటి పందెం నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ చక్రాలకి బురద గడ్డకట్టి ఉంది. కుర్రాడు లోపలి నుంచి వస్తాడు, ఆవిడ దారి మూస్తుంది. బయటి నుంచి వస్తాడు, ఆవిడ అక్కడుంటుంది. గట్టు మీద మనుషులు ఒకరి భుజాలు ఒకరు గుద్దుకుంటున్నారు. బాబాయి పళ్ళు లేకుండానే ఈల వెయ్యాలని చూస్తున్నాడు. నేను జీపు బానెట్ మీదికి ఎక్కి అరిచాను, ఎవరి తరఫునో నాకే తెలియదు. ఆఖరి మలుపులో ఆవిడ బండి బురద చక్రం కాస్త పక్కకి జారింది. ఆ సందులో కుర్రాడు దూరాడు. ముందుచక్రం వాసి తేడాతో గెలిచాడు.

జనం అతన్ని ఎత్తుకున్నారు. ఇంత మంచి పందెం ఇంకెప్పుడూ లేదన్నారు. అది నిజమే.

దుమ్ము అణిగాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు, కేకలెయ్యలేదు. చీర కుచ్చిళ్ళకి అంటిన బురద దులుపుకుంటూ అడిగింది.

"తమ్ముడు గెలిచాడు, బాగా నడిపే గెలిచాడండీ. నా చోటు నాకిచ్చారు, మీకు దణ్ణం. మరి నా ఎడం ఏదండీ?"

పెద్ద పందేల్లోనూ అంతేనమ్మా అని చెప్పాను. జీపు వస్తే ఎడం పోతుందని, ప్రపంచమంతా అలాగే ఒప్పుకున్నారని, దాని మీద వాదనలు ఇంకా జరుగుతున్నాయని, నాకు తెలిసిందంతా చెప్పాను.

శ్రద్ధగా వింది. "అక్కడ గెలిస్తే ఏమిస్తారండీ?"

"కప్పు ఇస్తారమ్మా. పేరొస్తుంది."

"అదే మరి. వాళ్ళకి మొదటి లోడు లేదు కదండీ" అని వెళ్ళిపోయింది.

ఆ ఏడాది కుర్రాడు ఏదో ఒకరోజు మొదటి లోడు ఆవిడకి వదిలేస్తాడని నేను ఆశపడ్డాను. వదల్లేదు. వదలాల్సిన పనీ లేదు, అతని ఇంట్లోనూ పొయ్యి వెలగాలి. ఆవిడ అడుగు చీటీలు తీస్తూనే ఉంది. చేపల రోజుల్లో ఆ దారిన వెళ్ళినప్పుడల్లా ఎండలో ఆ ఆటో నీడన కూర్చున్న ఇద్దరూ కనబడేవారు.

నేను మళ్ళీ లైబ్రరీ మీద పడ్డాను. సెలవు రోజున ఏలూరు వచ్చి మరీ వెతికాను. ఇంకో పద్ధతి ఉందని దొరికింది. అందులో కారు రాదు. ప్రమాదం జరగ్గానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఒకే వేగానికి తగ్గాలి. ఎడం చెక్కుచెదరదు. ఎగురుకుంటూ సంఘానికి వెళ్ళి చెప్పాను. ప్రెసిడెంటు గారు ఆటోవాళ్ళని పిలిచి, "మీలో స్పీడోమీటరు పనిచేసేది ఎవరికండీ?" అని అడిగారు. ఒక్కరిదీ పనిచెయ్యదు. ఆ పద్ధతి అక్కడితో సరి. ఫోనులో సమయం కొలుద్దామంటే, ఎవరి ఫోను, ఎవరు నొక్కాలి అని ఇంకో గొడవ.

పరిష్కారం మా లీడింగ్ ఫైర్‌మన్ నోట్లోంచి వచ్చింది. అతను చర్చిలో పాటలు పాడతాడు. డ్యూటీలో ఊరికే నిలబడాల్సి వస్తే లోలోపల ఏదో ఒకటి పాడుకుంటూనే ఉంటాడు. ఒకరోజు గొట్టాలు ఎండబెడుతూ అన్నాడు, "గురువు గారూ, ఆ రోజు అక్క నన్ను దాటి వెళ్ళాక, కుర్రాడు వచ్చేలోపు నాకు పల్లవీ ఒక చరణం అయిపోయాయండీ."

నేను గొట్టం కింద పెట్టేశాను.

"ప్రతి చుట్టూ అంతేనా?"

"మొదట పల్లవి దాకానేనండీ. చుట్టు చుట్టుకీ పెరిగి చరణం దాకా వచ్చింది."

సంఘంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. జీపు తప్పుకున్నాక మొదటి బండిని ముందు వదలాలి. ప్రమాదానికి ముందు ఎంత ఎడం ఉందో అంత పాట పాడి, అప్పుడు రెండో బండిని వదలాలి.

"ఆయన సాగదీసి పాడితే?" అన్నాడు కుర్రాడు.

"మైకులో పాడిద్దాం. సాగదీస్తే ఊరంతా వింటుంది" అన్నారు ప్రెసిడెంటు.

"సినిమా పాట పెట్టచ్చుగా అండీ?"

"సినిమా పాటయితే ఏ హీరోది అని ముందు తలకాయలు పగులుతాయి. చర్చి పాటే ఉండనివ్వండి. ఆ పాట మీద ఇక్కడెవరికీ పందెం లేదు."

ప్రాణం కాపాడ్డానికి దిగితే స్థానం పోదన్నది కూడా ఈసారి ముందే చెప్పుకున్నారు.

ఆ మరుసటి ఏడాదిదే నా ఆఖరి పందెం. కొన్ని నెలల్లో రిటైరవుతాను. ఆవిడ మళ్ళీ ముందుకి వెళ్ళింది, ఈసారీ అరచుట్టుకి దగ్గరగా. మధ్యలో ఒక బండి చక్రం ఊడి దారికి అడ్డంగా నిలిచిపోయింది. నా జీపు వెళ్ళింది. అంతా వరసలో వచ్చారు. దారి ఖాళీ అయ్యాక ఆవిణ్ణి వదిలాం. మైకులో పాట మొదలైంది. పాట వింటూ కుర్రాడు యాక్సిలరేటర్ మెలితిప్పుతూ సీటులో ఎగిరెగిరి పడుతున్నాడు.

"సార్, కొంచెం గబగబా పాడండి సార్!"

గట్టంతా నవ్వింది. మా వాడు తొణక్కుండా చరణం పూర్తిచేసి, ఊపిరి తీసుకుని, జెండా దించాడు.

అంతే. ఆ తర్వాత చెప్పడానికేం లేదు. ఆవిడ ఎక్కడా తడబడలేదు, అతను ఎక్కడా అందుకోలేదు. ఆఖరి చుట్టుకి గట్టు మీద జనం సగం మంది సోడాబండి దగ్గరున్నారు. ఆవిడ గెలిచినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళు తక్కువ. వాళ్ళలో కుర్రాడు ఒకడు.

"న్యాయంగా ఉందండీ డ్రైవరు గారూ" అన్నారు ప్రెసిడెంటు, జెండా మడుస్తూ. గొంతు తగ్గించి మళ్ళీ అన్నారు, "చప్పగా కూడా ఉందండీ. వచ్చే ఏడాది జనం రారేమోనండీ."

ఆయన అన్నది రెండూ నిజమే. పిల్లలూ, ఆ రోజు లైబ్రరీలో మీ ఇద్దరూ అన్నవి కూడా రెండూ నిజమే. ఉత్కంఠ కావాలంటే ఎవరో ఒకరు సంపాదించుకున్నది తీసి అందరికీ పంచాలి. న్యాయం కావాలంటే చూసేవాళ్ళు కాస్త ఆవులించడానికి ఒప్పుకోవాలి. ఏది ఎంత కావాలో, ఆ పందెం గెలిస్తే ఏం దొరుకుతుందో చూసి తేల్చుకోవాలి. నేను చదివిన ఏ పత్రికలోనూ ఇది రాసి లేదు. రాసి ఉంటే నాకు రెండేళ్ళు కలిసొచ్చేవి.

రిటైరవడానికి ముందు ఒక తెల్లవారుజామున, దెందులూరు వైపు గడ్డివాము మంట ఆర్పి స్టేషనుకి తిరిగొస్తున్నాం. దారిలో ఒక చెరువు పడుతున్నారు. ఫైరింజన్ పక్కన ఆపి దిగాను. గట్టు మీద ఆటోలు వరసలో ఉన్నాయి. అందరికన్నా ముందు ఆవిడది. ట్రేలు నిండుగా ఎక్కాయి, పైన ఐసు తెల్లగా మెరుస్తోంది. భర్త పట్టా లాగి కడుతున్నాడు.

"ఆ రోజు జనం అరవలేదని ఏమైనా అనిపించిందామ్మా?" అని అడిగాను. అప్పటికి చాలా రోజుల నుంచి నన్ను తొలుస్తున్న ప్రశ్న అది.

ఆవిడ తాడు ముడి బిగించి నా వైపు చూసింది. "అరిస్తే చేప తాజాగా ఉంటుందా అండీ?"

నవ్వి బండెక్కింది. మిగతా ఆటోవాళ్ళు ఇంకా చీటీలు తీస్తూనే ఉన్నారు. ఐసు నీళ్ళు కారుస్తూ ఆవిడ ఆటో గట్టు మీద నిదానంగా వెళ్ళింది. వెనక తరిమేవాళ్ళెవరూ లేరు.